ఎంఎస్‌కి ఎక్కించే మందు: భయం ఎక్కడ పెట్టుకోవాలి

ఎంఎస్ అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నరాల మీద దాడి చేసే జబ్బు. దానికి "ఆరు నెలలకోసారి ఎక్కించే మందు మొదలుపెడదాం" అని న్యూరాలజిస్ట్ అనగానే ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న ఒక్కటే: ఎక్కించేటప్పుడు ఏమన్నా అవుతుందా? అవుతుంది. ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, గొంతులో దురద పుడుతుంది, ఒక్కోసారి బీపీ పడుతుంది. పక్కన సిస్టర్ ఉంటుంది, డ్రిప్ వేగం తగ్గిస్తుంది, చాలామందికి కాసేపట్లో సర్దుకుంటుంది. ప్రాణం మీదికి తెచ్చేవి చాలావరకు ఆ మంచం దగ్గర ఉండవు. అంతకుముందు చేయించకుండా వదిలేసిన రక్తపరీక్షలోనో, తర్వాత ఏడాదిపాటు ఎవరూ తెరవని రిపోర్టులోనో ఉంటాయి. ఈ మందులు మంచివనీ, త్వరగా మొదలుపెట్టడమే మేలనీ నా గట్టి నమ్మకం. కానీ మన దగ్గర శ్రద్ధంతా డ్రిప్ నడిచే నాలుగు గంటల మీదే పెడుతున్నాం. దానికి ముందు వారాన్నీ, తర్వాతి ఆరు నెలలనీ గాలికి వదిలేస్తున్నాం.

ముందు ఏ మందు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి, ఎందుకంటే "యాంటీబాడీ మందు" అనే ఒక్క మాటలో వేరువేరు సరుకులు కలిసిపోతున్నాయి. నటాలిజుమాబ్ ఉంది: నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు ఎక్కిస్తారు. అది ఏ కణాన్నీ చంపదు, తెల్లకణాలు రక్తంలోంచి మెదడులోకి దాటకుండా అడ్డం పడుతుంది. 2004 నవంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, పీఎంఎల్ అనే మెదడు ఇన్ఫెక్షన్ బయటపడి 2005 ఫిబ్రవరిలో అమ్మకం ఆపేశారు, 2006లో షరతులతో మళ్ళీ వదిలారు. "ఆ ఇంజక్షన్‌తో మెదడు పాడవుతుందట" అని చుట్టాలు చెప్పే మాటకి మూలం అక్కడుంది. ఇక్కడ రాస్తున్నది దాని గురించి కాదు. తెల్లకణాల్లో ఒక రకమైన బీ కణాల మీద ఉండే సీడీ20 అనే గుర్తుని పట్టుకుని ఆ కణాలని తుడిచిపెట్టే మందుల గురించి: రిటుక్సిమాబ్, ఒక్రెలిజుమాబ్, 2022 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన ఉబ్లిటుక్సిమాబ్. ఇదే కోవలోని ఒఫాటుముమాబ్‌ని నెలకోసారి చర్మం కింద ఇంట్లోనే చేసుకోవచ్చు, డ్రిప్ అక్కర్లేదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది రిటుక్సిమాబ్. 1997లో లింఫోమా అనే క్యాన్సర్‌కి అనుమతి పొందిన మందు ఇది. 2007లో హైదరాబాద్‌కి చెందిన డాక్టర్ రెడ్డీస్ 'రెడిటక్స్' పేరుతో దీని బయోసిమిలర్ (అసలు మందుకి సరిపోలేలా ఇంకో కంపెనీ చేసే మందు) తెచ్చింది, ఆ తర్వాత ఇంకొన్ని కంపెనీలు వచ్చాయి, ధర దిగింది. పెట్టెలోని కాగితంలో ఎంఎస్ అన్న మాటే ఉండదు. క్యాన్సర్, కీళ్ళవాతం పేర్లు ఉంటాయి. అది చదివి హడలిపోయేవాళ్ళు చాలామంది. అనుమతి కాగితంలో లేనంత మాత్రాన ఆధారం లేనట్టు కాదు. 2008లో వచ్చిన హెర్మెస్ అధ్యయనంలో 104 మందిని తీసుకుని రిటుక్సిమాబ్ ఒక్క కోర్సు ఇస్తే, ఎంఆర్ఐలో కాంట్రాస్ట్ (స్కాన్ కోసం నరంలోకి ఎక్కించే మందు) పట్టే కొత్త మచ్చలు 91 శాతం తగ్గాయి. స్వీడన్‌లో చేసిన రిఫండ్ అధ్యయనం 2022లో అచ్చయింది. అందులో రెండేళ్ళలో జబ్బు తిరగబెట్టినవాళ్ళు రిటుక్సిమాబ్ వాడినవాళ్ళలో 3 శాతం, డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రలు వాడినవాళ్ళలో 16 శాతం. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో ఎంఎస్ కోసం రిటుక్సిమాబ్‌ని చేర్చింది. కనుక "డబ్బు లేనివాళ్ళ మందు" అంటూ దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు.

ఒక్రెలిజుమాబ్‌కి పెద్ద అధ్యయనాలు ఉన్నాయి. ఒపేరా 1, 2 కలిపి 1,656 మంది, 96 వారాలు. వారానికి మూడుసార్లు ఇంటర్‌ఫెరాన్ అనే పాత ఎంఎస్ ఇంజక్షన్ పొడుచుకున్నవాళ్ళతో పోలిస్తే తిరగబెట్టడం 46, 47 శాతం తగ్గింది, కాంట్రాస్ట్ పట్టే మచ్చలు 94, 95 శాతం తగ్గాయి. మొదట బలహీనమైన ఇంజక్షన్ వాడి చూద్దాం, దెబ్బ తగిలాక గట్టి మందుకి వెళ్దాం అనే పాత పద్ధతిని నేను ఒప్పుకోనిది ఈ అంకెల వల్లే. ఎంఎస్‌లో పోయిన నరం తిరిగి రాదు. చురుగ్గా ఉన్న జబ్బుకి మెట్లెక్కుతూ కాలయాపన చేస్తే, ఆ ఖర్చు కాళ్ళు, కళ్ళు, మూత్రం మీద పట్టు రూపంలో చెల్లించాలి.

మందు ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే ఏ పరీక్ష ఎందుకో దానంతటదే అర్థమవుతుంది. ఎముక మూలుగలో పుట్టే మూలకణాల మీద సీడీ20 ఉండదు. మధ్య దశల్లోని బీ కణాల మీద, పాత ఇన్ఫెక్షన్లని గుర్తుపెట్టుకునే మెమరీ కణాల మీద ఉంటుంది. చివరి దశకి చేరి యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల మీద మళ్ళీ ఉండదు. అంటే మందు నడిమి వరుసని ఊడ్చేస్తుంది, రెండు చివరలూ మిగులుతాయి. అందుకే రక్తంలో యాంటీబాడీలు వెంటనే పడిపోవు. కానీ కొత్త ప్లాస్మా కణాలు తయారయ్యే దారి మూసుకుపోయింది కాబట్టి ఏళ్ళ తరబడి వాడేకొద్దీ యాంటీబాడీల్లో ఐజీఎం అనే రకం ముందు, ఐజీజీ అనే రకం నెమ్మదిగా తర్వాత తగ్గుతూ వస్తాయి. మొదటి ఏడాది రిపోర్టు బాగుందని ఈ యాంటీబాడీల పరీక్ష మానేసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఇంకో చిన్న సంగతి: మందు పనిచేసిందా అని చూడటానికి ల్యాబ్‌లో బీ కణాల మీదే ఉండే ఇంకో గుర్తు సీడీ19 లెక్కిస్తారు, సీడీ20 కాదు. సీడీ20 మీద మందే కూర్చుని ఉంటుంది కాబట్టి అది కనిపించకపోవచ్చు. రిపోర్టులో సీడీ19 సున్నా దగ్గర ఉంటే కంగారు పడక్కర్లేదు, మనకి కావాల్సింది అదే.

ఇప్పుడు ముందు వారం సంగతి. అన్నిటికన్నా పెద్దది హెపటైటిస్ బి. ఒకప్పుడు సోకి, కామెర్లు కూడా తెలియకుండా తగ్గిపోయినవాళ్ళలో ఆ వైరస్ లివర్ కణాల్లో నిద్రపోతూ ఉంటుంది. దాన్ని కాపలా కాసేది రోగనిరోధక వ్యవస్థే. బీ కణాలని తీసేస్తే వైరస్ లేచి లివర్‌ని రోజుల్లో కూలదోయగలదు. మనుషులు చనిపోయారు కూడా. చాలాచోట్ల చేసేది, వైరస్ ఇప్పుడు ఉందా అని చూసే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష ఒక్కటే. అది నెగటివ్ అని "హెపటైటిస్ లేదు" అని రాసేస్తారు. అది చాలదు. యాంటీ హెచ్‌బీసీ టోటల్ అనే రెండో పరీక్ష తప్పనిసరి. పాత ఇన్ఫెక్షన్ ఆనవాలు దొరికేది అందులోనే. మొదటిది పాజిటివ్ అయి, వైరస్ చురుగ్గా ఉంటే ఈ మందు ఇవ్వకూడదు. మొదటిది నెగటివ్, రెండోది పాజిటివ్ అయితే తలుపు మూసుకున్నట్టు కాదు. లివర్ డాక్టరు ఎంటెకవిర్ లేదా టెనోఫోవిర్ మాత్రలు ముందే మొదలుపెడతారు. మందు చివరి డోసు తర్వాత కూడా ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా వాటిని ఆపకూడదు. "ఇన్‌ఫ్యూజన్ మానేశాం కదా, ఇక మాత్రలెందుకు" అని మానడంలోనే ప్రమాదం ఉంది. రక్షణ ఉందా అని చూసే యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష ఒక్కటే పాజిటివ్ అయితే అది టీకా ఫలితం, సంతోషించండి.

ఈ రక్తం ఎప్పుడు తీశారన్నది కూడా ముఖ్యమే, దీన్ని చాలా తక్కువమంది పట్టించుకుంటారు. జబ్బు తిరగబెట్టి ఆస్పత్రిలో చేరినవాళ్ళకి రోజుకి గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఎక్కిస్తారు. తగ్గకపోతే ప్లాస్మా మార్పిడి, కొందరికి ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు). పరీక్షలన్నీ ఇవి అయ్యాక గుర్తొస్తాయి. అప్పటికి స్టెరాయిడ్ వల్ల టీబీకి చేసే ఇగ్రా పరీక్ష తేలకుండా "ఇండిటర్మినేట్" అని రావచ్చు. ఐవీఐజీలో ఉన్నవి దాతల యాంటీబాడీలు కాబట్టి మీకు ఎన్నడూ లేని హెపటైటిస్ ఆనవాలు పాజిటివ్‌గా కనిపించవచ్చు, ఐజీజీ లెక్క కూడా ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ప్లాస్మా మార్పిడి చేస్తే ఉన్న యాంటీబాడీలే కొట్టుకుపోతాయి. కనుక స్టెరాయిడ్ మొదటి సీసా పెట్టకముందే ఒకటి రెండు ట్యూబులు ఎక్కువ రక్తం తీయించుకోవాలి: హెపటైటిస్ బి రెండు పరీక్షలు, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ, ఇగ్రా, ఐజీజీ, ఐజీఎం, ఐజీఏ, సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్ పరీక్షలు, వారిసెల్లా (ఆటలమ్మ) ఐజీజీ. వాటితోపాటు ఆక్వాపోరిన్ 4, మాగ్ యాంటీబాడీలు.

చివరి రెండూ ఎందుకంటే, ఎంఎస్ లాగే కనిపించే న్యూరోమైలైటిస్ ఆప్టికా, మాగ్ జబ్బు వేరే దారివి. ఆక్వాపోరిన్ యాంటీబాడీ ఉండే న్యూరోమైలైటిస్ జబ్బుకి ఎంఎస్ మందులైన ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ ఇస్తే ముదురుతుంది. రిటుక్సిమాబ్ మాత్రం దానికీ పనిచేస్తుంది. అదృష్టమే గానీ, ఆ అదృష్టం మీద ఆధారపడి అసలు జబ్బేదో తేల్చకుండా మందు ఎక్కించేయడం తగదు. మాగ్ జబ్బులో రిటుక్సిమాబ్ అంత బాగా పట్టదు. అప్పుడు "మందు ఫెయిలైంది" అని ఏళ్ళు పోగొట్టుకుంటారు.

టీకాలు కూడా ముందే. బీ కణాలు లేనప్పుడు వేసిన టీకాకి యాంటీబాడీలు సరిగా పుట్టవు. కోవిడ్ టీకాలప్పుడు ఇది స్పష్టంగా తేలింది. ప్రాణం లేని టీకాలు మొదటి డోసుకి కనీసం రెండు వారాల ముందు, లైవ్ టీకాలు (బలహీనపరచిన బతికున్న క్రిములతో చేసేవి) కనీసం నాలుగు వారాల ముందు అయిపోవాలి. న్యూమోకోకల్, ఫ్లూ, హెపటైటిస్ బి, వీలైతే సర్పికి వేసే రీకాంబినెంట్ టీకా. జబ్బు ఉధృతంగా ఉంటే టీకాల కోసం మందుని నెలల తరబడి ఆపకూడదు. దొరికినన్ని వేయించి ముందుకెళ్ళడమే. ప్రాణం లేని టీకాలు తర్వాత వేయాల్సి వస్తే రెండు డోసుల మధ్య రెండో సగంలో, తర్వాతి ఇన్‌ఫ్యూజన్‌కి నాలుగు నుంచి ఆరు వారాల ముందు.

ఇక అందరూ భయపడే రోజు. ఇక్కడ మన దేశపు చిక్కు ఒకటుంది: చాలాసార్లు మందు బయట కొని, చేతిలో పట్టుకుని డే కేర్‌కి వెళ్తాం. వయల్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఎండాకాలంలో స్కూటర్ డిక్కీలో పెడితే పాడవుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా పాడవుతుందని కొందరికే తెలుసు. ఫ్రీజర్‌లో పెట్టిన జెల్ ప్యాక్‌ని నేరుగా వయల్‌కి ఆనించకూడదు, మధ్యలో మందపాటి గుడ్డో అట్టో ఉండాలి. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే మధ్య అరలో, వెనక గోడకి తగలకుండా. కుదపకూడదు. పెట్టె మీది కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఫోన్‌లో ఫోటో తీసుకుని ఉంచుకోవాలి. బయోసిమిలర్లు మారుతుంటాయి, ఏదన్నా రియాక్షన్ వస్తే ఏ బ్యాచ్ అన్నది ముందుగా అడుగుతారు.

ఖాళీ కడుపుతో వెళ్ళక్కర్లేదు. నీళ్ళు బాగా తాగి వెళ్తే నరం సులువుగా దొరుకుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు ఆ రోజు పొద్దున వేసుకోవాలా వద్దా అని ముందే అడగాలి. మందే బీపీని దించుతుంది కాబట్టి 12 గంటల ముందు నుంచి ఆపమనే అవకాశం ఉంది. జ్వరం, మూత్రంలో మంట, పుండ్లు ఏమున్నా దాచకూడదు. ఇన్ఫెక్షన్ ఉంటే వాయిదా వేస్తారు. మందుకి అరగంట ముందు నరంలోకి 100 మిల్లీగ్రాముల మిథైల్ ప్రెడ్నిసొలోన్, అవిల్ లాంటి అలర్జీ ఇంజక్షన్, పారాసెటమాల్ మాత్ర. తొందరపడి ఈ అరగంటని పది నిమిషాలు చేస్తేనే దద్దుర్లు ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళకి ఆ స్టెరాయిడ్ వల్ల సాయంత్రానికి షుగర్ లేస్తుంది, రాత్రి నిద్ర పట్టదు. అది మామూలే.

ఒక్రెలిజుమాబ్ మొదటిసారి 300 మిల్లీగ్రాములు, పదిహేనో రోజు ఇంకో 300, ఆపైన ఆరు నెలలకోసారి 600. 300 అయితే 250 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో కలిపి గంటకి 30 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, అరగంటకోసారి 30 చొప్పున పెంచుతూ 180 దాకా వెళ్తారు. 600 అయితే 500 మిల్లీలీటర్లలో, 40తో మొదలు, 40 చొప్పున, 200 దాకా. డెక్స్‌ట్రోస్‌లో కలపకూడదు. 0.2 మైక్రాన్ ఫిల్టర్ ఉన్న లైను కావాలి, అది ఉందో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవాలి.

రిటుక్సిమాబ్‌కి వేగాన్ని మిల్లీగ్రాముల్లో లెక్కిస్తారు, తప్పు దొర్లేది ఇక్కడే. మొదటిసారి గంటకి 50 మిల్లీగ్రాములు, అరగంటకోసారి 50 పెంచుతూ గరిష్ఠం 400. 1000 మిల్లీగ్రాములని మొత్తం 500 మిల్లీలీటర్లు అయ్యేలా కలిపితే ఒక్కో మిల్లీలీటర్‌లో 2 మిల్లీగ్రాములు. గంటకి ఎన్ని మిల్లీలీటర్లు వెళ్తున్నాయో చూపే పంపు మీద మొదటి అంకె 25 ఉండాలి. అదే మందుని 250లో కలిపితే ఒక్కో దానిలో 4, మొదటి అంకె 12.5. ఒక వార్డులో 500 సీసాకి రాసుకున్న చీటీ చూసి ఇంకో వార్డులో 250 సీసాకి 25 అని పెడితే మొదటి గంటే రెట్టింపు వేగం. తర్వాత వచ్చే వణుకుని "మీ ఒంటికి పడలేదు" అంటారు. సీసా మీద మొత్తం ఎంత, పంపు మీద అంకె ఎంత అని చూడటానికి డాక్టరై ఉండక్కర్లేదు. ఏ లోపం లేకుండా నడిస్తే మొదటి 1000 మిల్లీగ్రాములకి నాలుగుంబావు గంటలు పడుతుంది. రెండు గంటల్లో అయిపోయిందంటే అనుమానించాలి. ఎంఎస్‌కి డోసు విషయంలో డాక్టర్ల మధ్య తేడాలున్నాయి: కొందరు మొదట రెండు వారాల తేడాతో 1000 చొప్పున రెండుసార్లు, స్వీడన్ తరహాలో కొందరు మొదట ఒక్కసారి, ఆపైన ఆరు నెలలకి 500.

రియాక్షన్ చిన్నదైతే వేగం సగానికి దించి అరగంట ఉంచుతారు. పెద్దదైతే ఆపి, అన్నీ సర్దుకున్నాక సగం వేగంతో మళ్ళీ. ఊపిరి ఆడకపోవడం, గొంతు వాయడం లాంటివి ప్రాణాంతకంగా వస్తే ఆ మందు ఇక జీవితంలో వద్దు. అయిపోయాక కనీసం గంటసేపు అక్కడే కూర్చోవాలి. 24 గంటల్లోపు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి ఆ రాత్రి ఒంటరిగా ఉండకపోవడం మంచిది. రెండోసారి నుంచి ఇదంతా బాగా తగ్గిపోతుంది.

బీమా గురించి ఒక్క మాట: "24 గంటలు అడ్మిట్ కాలేదు" అని క్లెయిమ్ తిప్పి కొట్టే అలవాటు ఉంది. యాంటీబాడీ ఇంజక్షన్లని కవర్ చేయాల్సిన ఆధునిక చికిత్సల్లో ఒకటిగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే పేర్కొంది. సబ్ లిమిట్ (ఈ చికిత్సకి ఇంతవరకే ఇస్తామనే పరిమితి) ఉండొచ్చు, అది పాలసీ కాగితంలో చూసుకోవాలి.

తర్వాతి ఆరు నెలల్లో మొదట గుర్తుంచుకోవాల్సింది జ్వరం. ఇన్‌ఫ్యూజన్ అయిన వారాలకో నెలలకో కొందరిలో ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు ఉన్నట్టుండి పడిపోతాయి. అప్పుడొచ్చే జ్వరానికి మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని చూద్దామనుకోకూడదు, ఆ రోజే సీబీసీ చేయించాలి. రెండోది, జ్వరం వచ్చినప్పుడో రోహిణి కార్తె ఎండలో తిరిగినప్పుడో పాత లక్షణాలు, మసక చూపు, కాళ్ళ బరువు మళ్ళీ పైకి తేలతాయి. ఒళ్ళు చల్లబడగానే పోతే అది జబ్బు తిరగబెట్టడం కాదు. కొత్త లక్షణం 24 గంటలు దాటి, జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా ఉంటేనే తిరగబెట్టిందంటారు. మూత్రపరీక్ష చేయకుండా మళ్ళీ స్టెరాయిడ్ ఎక్కించడం మన దగ్గర మామూలైపోయిన పొరపాటు. అసలే బీ కణాలు లేని ఒంట్లో ఉన్న ఇన్ఫెక్షన్‌కి అది ఎరువు.

ఎంఆర్ఐ కూడా ఇంతే. మందు మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల మధ్య ఒకటి తీయించి, దాన్నే కొత్త కొలతగా పెట్టుకోవాలి. మొదటి వారాల్లో, మందు పూర్తిగా పట్టకముందు పుట్టిన మచ్చని ఏడాది తర్వాత చూసి మందు పనిచేయలేదంటే అన్యాయం.

ప్రతి డోసు ముందు సీబీసీ, లివర్ పరీక్షలు, ఐజీజీ. ఐజీజీ దిగుతూ, దానికితోడు ఏటా రెండు మూడుసార్లు ఛాతీ ఇన్ఫెక్షన్లు, సైనస్‌లు వస్తుంటే డోసు తగ్గించడమో, ఎడం పెంచడమో, మందు మార్చడమో ఆలోచించాలి. ఎడం పెంచితే కొంప మునగదా అంటే, ఆరు నెలలన్నది రాతి మీద గీత కాదు. ఒక్రెలిజుమాబ్ ఆపిన తర్వాత బీ కణాలు తిరిగి రావడానికి సగటున 72 వారాలు పట్టింది. నటాలిజుమాబ్ ఆపినప్పుడు జబ్బు ఎగదన్నినట్టు ఇందులో సాధారణంగా జరగదు. ఊళ్ళో పెళ్ళి ఉండి మూడు వారాలు ఆలస్యమైతే రాత్రంతా కూర్చుని ఏడవక్కర్లేదు. వీలైనంత త్వరగా వేయించుకుని, అక్కణ్ణుంచి ఆరు నెలలు లెక్కపెట్టుకోవాలి. డోసు దగ్గరపడే వారాల్లో నీరసం పెరిగిందని చాలామంది చెప్తారు. నిజమే, ఆ నీరసం వస్తుంది. కానీ దాన్ని చూసి డోసు ముందుకి జరపకూడదు. ఒక్రెలిజుమాబ్ రెండు డోసుల మధ్య కనీసం ఐదు నెలలు ఉండాల్సిందే.

ఇదంతా డాక్టరు చూసుకోవాల్సిన పని కదా అంటారు. నిజమే. కానీ ఇన్‌ఫ్యూజన్ ఒక ఆస్పత్రిలో, ఎంఆర్ఐ ఇంకోచోట, జ్వరానికి వీధి చివర క్లినిక్, బీమా మారితే న్యూరాలజిస్టూ మారతారు. అన్నిచోట్లా ఉండేది పేషెంటు ఒక్కరే. కనుక ఫైలు పేషెంటు దగ్గరే ఉండాలి: ముందు చేసిన హెపటైటిస్ రిపోర్టు, ఐజీజీ వరుస, ప్రతి డోసు తేదీ, మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు, ఏం రియాక్షన్ వచ్చింది.

ఈ ఫైలు చూడాల్సినవాళ్ళలో ఎవరికీ తట్టని మనిషి ఒకరున్నారు: పిల్లల డాక్టరు. ఎంఎస్ ఎక్కువగా వచ్చేది ఇరవై నుంచి నలభై ఏళ్ళ ఆడవాళ్ళకి. గర్భం ఎప్పుడు ప్లాన్ చేసుకోవాలో న్యూరాలజిస్ట్ చెప్తారు. అమెరికా లేబుల్ ప్రకారమైతే ఒక్రెలిజుమాబ్ చివరి డోసు తర్వాత ఆరు నెలలు, రిటుక్సిమాబ్ చివరి డోసు తర్వాత పన్నెండు నెలలు ఆగాలి. గర్భంలో ఉండగా బిడ్డకి మందు తగిలి ఉంటే ఆ బిడ్డ బీ కణాలు కూడా కొంతకాలం తక్కువగా ఉండొచ్చు, వాటిని లెక్కించి చూసేదాకా లైవ్ టీకాలు వేయకూడదు. మన దేశంలో బీసీజీ, పోలియో చుక్కలు పుట్టినప్పుడే వేస్తారు, రెండూ లైవ్ టీకాలే. ఆరో వారంలో ఇచ్చే రోటావైరస్ చుక్కలూ అంతే. హెపటైటిస్ బి టీకా లైవ్ కాదు, దాన్ని ఆపనక్కర్లేదు. కనుక ప్రసవానికి ముందే ఈ సంగతి కేస్ షీటు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయించాలి. ప్రసవం రాత్రిపూట జరిగి, పొద్దున డ్యూటీ మారితే, వార్డుకొచ్చే టీకా సిస్టర్‌కి చూడటానికి ఉండేది ఆ షీటు ఒక్కటే.